తెర నల్లబడగానే డ్రైవర్‌ను తిట్టకండి

నేను రిటైరయ్యాక నా సీట్లోకి వచ్చిన అమ్మాయి మొదటి వారంలోనే ఫోన్ చేసింది.

"మేడం, లైనక్స్ ఎక్కిస్తుంటే స్క్రీన్ మొత్తం నల్లగ అయిపోయింది. సిస్టమ్ సచ్చిపోయినట్టున్నది. ఏం జెయ్యాలె?"

"కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కు. లైటు వెలిగిందా?"

"వెలిగింది."

"మళ్ళ నొక్కు. ఆరిందా?"

"ఆరింది మేడం."

"అయితే సిస్టమ్ బతికే ఉన్నది. నీకు కనిపిస్తలేదు, అంతే. పోయి ఛాయ్ తాగి రా, అప్పుడు మాట్లాడదాం."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. ఎందుకంటే ఆ కంగారు నాకు బాగా తెలుసు. ఈ పనిలోకి వచ్చే ప్రతి ఒక్కరూ ఒకరోజు నల్లటి తెర ముందు నిలబడతారు. వెనకాల ఎవరో ఒకరు నిలబడి "ఏమైంది? ఎంతసేపు?" అని అడుగుతూనే ఉంటారు. ఆ అమ్మాయి కోసం, ఆమెలాంటి వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నా పేరు పద్మజ. పుట్టింది, పెరిగింది చిక్కడపల్లి. ఉద్యోగం నారాయణగూడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరాను, సిస్టమ్స్ ఇన్‌చార్జిగా దిగాను. మధ్యలో ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో, ఎవరు ఆపారో రాయను. అవి చదివి ఎవరూ ఒక్క సిస్టమ్ కూడా బాగుచేయలేరు.

సుదర్శన్ సార్

కంప్యూటర్లు రాకముందు నా మొదటి బాస్ సుదర్శన్ సార్. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ హెడ్. ఆయన మంచి మనిషని నేను చెప్పను. మెచ్చుకోలు మాట ఆయన నోట ఒక్కసారి కూడా విన్లేదు. ల్యాబ్ అసిస్టెంట్లను, అందులోనూ ఆడవాళ్ళను, స్టాఫ్ మీటింగులో కూర్చోనిచ్చేవాడు కాదు. కానీ నా పని మొత్తానికి పునాది ఆయన దగ్గరే పడింది, అది చెప్పకపోతే అన్యాయం.

చేరిన కొత్తలో ఒకరోజు ప్రాక్టికల్స్‌లో ఒక సర్క్యూట్ పనిచేయలేదు. మీటరు ముల్లు కదలదు. పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. నేను గబగబా బ్యాటరీ మార్చాను, వైర్లన్నీ మార్చాను, స్విచ్ కూడా మార్చాను. ముల్లు కదిలింది. నాకు ఎక్కడలేని సంబరం. సార్ వచ్చి అడిగాడు.

"ఏది ఖరాబైంది?"

"ఏమో సార్. అన్నీ మార్చిన. ఇప్పుడు నడుస్తున్నది."

"మళ్ళ పాతయి పెట్టు."

పాతవన్నీ మళ్ళీ పెట్టించాడు. పిల్లల ముందే. ఒక్కొక్కటి మార్చమన్నాడు. బ్యాటరీ మారిస్తే కదల్లేదు. స్విచ్ మారిస్తే కదల్లేదు. మూడో వైరు మార్చగానే కదిలింది. పైకి వైరు కొత్తగా నిగనిగలాడుతూ ఉంది. తొడుగు లోపల రాగితీగ తెగిపోయి ఉంది.

"బాగైందని చెప్పకు. ఎందుకు బాగైందో చెప్పు" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఏడుపొచ్చింది. తర్వాత నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చి చూడు. కుదరకపోతే వెనక్కి పెట్టి, ఇంకోటి మార్చు. ఇంటర్నెట్‌లో దొరికిన పది కమాండ్లు వరసపెట్టి కొట్టి "ఏదో ఒకటి పనిచేసింది" అని లేచి వెళ్ళే కుర్రాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మళ్ళీ అదే రోగం వస్తే మళ్ళీ పది కమాండ్లేనా?

కరస్పాండెంట్ గారి గదిలో

కొన్నేళ్ళ కిందట మా కాలేజీలో యానిమేషన్ కోర్సు పెట్టారు. బొమ్మలకు ప్రాణం పోసే చదువు. దానికి మామూలు కంప్యూటర్లు చాలవు, గ్రాఫిక్స్ కార్డులు కావాలి. ఒక్కో బొమ్మలో వెలుగు ఎక్కడ పడుతుంది, నీడ ఎటు పోతుంది అని లెక్కకట్టేది ఆ కార్డే. మా కరస్పాండెంట్ నర్సింగరావు గారు ఒక షరతు పెట్టారు. ఏటా లైసెన్సులు కొనే సాఫ్ట్‌వేర్ అయితే కోర్సు నడపలేం, దారి వెతకండి అన్నారు.

నేను లైనక్స్ అన్నాను. అది విండోస్ లాగా కంప్యూటర్‌ను నడిపించేదే, కానీ ఉచితం. దాని మీద ఉచితంగా దొరికే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉంది, పెద్ద పెద్ద స్టూడియోల్లో కూడా లైనక్స్ నడుస్తుంది అన్నాను. ఆ కోర్సు చెప్పడానికి వచ్చిన కిరణ్ సార్ అక్కడే ఉన్నాడు. చురుకైన లెక్చరర్, పిల్లలకు ఇష్టమైనవాడు. ఆయన ఒప్పుకోలేదు.

"సార్, ఆ స్టూడియోలల్ల దాన్ని చూసుకునెటందుకే మనుషులుంటరు. మన దగ్గర ఎవరున్నరు? గ్రాఫిక్స్ కార్డు పెట్టి లైనక్స్ ఎక్కిస్తే రోజొక పరేషాన్."

"నేనున్న కద" అన్నాను.

నర్సింగరావు గారు కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "పద్మజా, ఇది నడుస్తదా? మధ్యల ఆగితే పిల్లల తల్లిదండ్రుల ముందు మన ఇజ్జత్ పోతది."

"నడుస్తది సార్. నేను నడిపిస్త."

అలా అనడం తేలిక. కిరణ్ సార్ మాటలో నిజముందని నాకూ తెలుసు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఇది దాచకుండా చెబుతున్నాను. లైనక్స్ ఎక్కించడంలో నూటికి తొంభై పాళ్ళు నిద్రలో కూడా చేయొచ్చు. మిగిలిన పది పాళ్ళ దగ్గర మనిషి అవసరం. ఆ పదిలో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుదే.

మొదటి రోజు

సిస్టమ్‌లు ఇచ్చింది సలీం భాయ్. బర్కత్‌పుర వెళ్ళే దారిలో ఆయన దుకాణం. పెద్ద ఆఫీసులు వాడి తీసేసిన సిస్టమ్‌లు తెచ్చి, బాగుచేసి, గ్రాఫిక్స్ కార్డులు బిగించి ఇచ్చాడు. మాటకు నిలబడే మనిషి.

మొదటి సిస్టమ్‌కు పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేశాను. లైనక్స్ గుర్తు కనిపించింది, పోయింది. నల్లటి తెర. రెండోదీ అంతే. మూడోదీ అంతే. వెనకాల కిరణ్ సార్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

క్యాప్స్ లాక్ నొక్కాను. లైటు వెలిగింది, ఆరింది. బతికే ఉంది.

ఇక్కడ జరిగేది ఇది. డ్రైవర్ అంటే లైనక్స్‌కూ కార్డుకూ మధ్య దుబాసీ. కార్డు తయారుచేసిన కంపెనీ రాసిన దుబాసీ ఒకడు. ఊళ్ళో వాళ్ళందరూ, అంటే లైనక్స్ వాడేవాళ్ళు, కలిసి, కార్డు మాట విని విని, సొంతంగా రాసిన దుబాసీ ఇంకొకడు. పెన్‌డ్రైవ్‌లో సాధారణంగా వచ్చేది ఈ రెండోవాడు. చాలా కార్డులతో బాగానే మాట్లాడతాడు. కొన్నిటితో మొదటి పలకరింపులోనే తడబడతాడు. అప్పుడు తెర నల్లబడుతుంది.

మందు చిన్నది. సిస్టమ్ మొదలయ్యేటప్పుడు వచ్చే మెనూలో ఇంగ్లీషు 'ఇ' అక్షరం నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరస చివర నోమోడ్‌సెట్ అనే ఒక్క మాట కలపాలి. "ఇప్పుడే కార్డుతో పెద్ద మాటలు పెట్టుకోకు, మామూలు తెరతో పని కానియ్" అని చెప్పడం అది. తెర మోటుగా, పెద్ద పెద్ద అక్షరాలతో వస్తుంది. పర్వాలేదు. ఎక్కించడం పూర్తి చేసి, ఆ తర్వాత తీరిగ్గా కంపెనీ వాళ్ళ డ్రైవర్ వేసుకోవాలి.

అలాగే చేశాను. డ్రైవర్ వేశాక రీస్టార్ట్ చేస్తే తెర ఇంకా మోటుగానే ఉంది. డ్రైవర్ ఉంది, కానీ పనిలోకి దిగలేదు. ఇంకో సిస్టమ్‌కు వేసి, ఈసారి రీస్టార్ట్ అవుతుంటే కళ్ళార్పకుండా చూశాను. మధ్యలో నీలిరంగు తెర ఒకటి వచ్చింది. ఏదో తాళంచెవి నమోదు చేయమంటున్నది. ఇందాక దాన్ని నేను చూడనే లేదు, అది కాసేపు ఆగి తనంతట తాను వెళ్ళిపోయింది.

ఆ సిస్టమ్‌లలో సెక్యూర్ బూట్ అనే కావలివాడు ఉంటాడు. సంతకం లేని డ్రైవర్‌ను గుమ్మం దాటనివ్వడు. ఆ నీలి తెర దగ్గర ఒప్పుకుని, ముందుగా మనం పెట్టుకున్న పాస్‌వర్డ్ కొడితే "సరే, ఇతను మనవాడే" అని రానిస్తాడు. చాలామంది విసుగుతో ఆ కావలివాణ్ణే తీసేస్తారు. కాలేజీలో, వందమంది చేతులు పడే సిస్టమ్‌ల మీద, నేను తీసేయలేదు. ప్రతి సిస్టమ్ ముందు కూర్చుని ఆ నీలి తెరకు జవాబు చెప్పాను.

సాయంత్రానికి ల్యాబ్ మొత్తం వెలిగింది. కిరణ్ సార్ ఒక సిస్టమ్ ముందు కూర్చుని బొమ్మ ఒకటి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మేడం, మస్తు స్పీడున్నది" అన్నాడు.

అంతకంటే పెద్ద సన్మానం నాకు కాలేజీలో ఎప్పుడూ జరగలేదు.

అప్‌డేట్

కోర్సు బాగానే నడిచింది. మూడో ఏడు పిల్లలు ఫైనల్ ప్రాజెక్టులు చేసుకుంటున్న రోజుల్లో, ఒక పొద్దున సగం ల్యాబ్ నల్లబడింది. ముందురోజు కిరణ్ సార్ మంచి మనసుతో, తెర మీద అప్‌డేట్ అని వచ్చిన చోటల్లా సరే నొక్కాడు. లైనక్స్‌కు గుండెకాయ ఒకటి ఉంటుంది, కెర్నెల్ అంటారు. అది కొత్తది వచ్చి కూర్చుంది. డ్రైవర్ పాత కెర్నెల్‌కు కొలిచి కుట్టిన బట్ట. కొత్త కెర్నెల్‌కు మళ్ళీ కుట్టుకోవాలి. కుట్టుకోవడానికి కావలసిన ఫైళ్ళు సగం సిస్టమ్‌లలో లేవు.

ఆయన ముఖం చూస్తే జాలేసింది. "మేడం, పిల్లల ప్రాజెక్టులు పోయినయా?"

"ఏం పోలే సార్. పాత కెర్నెల్ లోపలనే ఉన్నది. మొదలయ్యేటప్పుడు మెనూల దాన్ని ఎంచుకుంటే చాలు."

ఎంచుకున్నాం. తెరలు వెలిగాయి. పాఠం మొదలయ్యే వేళకు పిల్లలు కూర్చున్నారు. తర్వాత లేని ఫైళ్ళు వేసి, కొత్తదానికి కూడా డ్రైవర్ కుట్టించాను. లైనక్స్ పాతదాన్ని తుడిచిపెట్టకుండా వెనక ఉంచుకుంటుంది. ఈ ఒక్క గుణం కోసం దాని మిగతా నఖరాలన్నీ భరించవచ్చు. పరీక్షల ముందు మాత్రం అప్‌డేట్ జోలికి ఎవరూ పోకూడదని అప్పటి నుంచి ల్యాబ్ నియమం.

వాన తగ్గించమన్నారు

ఆ బ్యాచ్‌లోనే స్వప్న ఉండేది. వాళ్ళది మహబూబ్‌నగర్ వైపు. తండ్రి బిల్డింగుల మీద సెంట్రింగ్ పని. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర బస్తీలో కిరాయికి ఉండేవాళ్ళు. ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి చేయాల్సిందంతా ల్యాబ్‌లోనే చేసుకోవాలి. కిటికీ పక్క మూల సిస్టమ్ ఆమెది.

ఆమె ఫైనల్ ప్రాజెక్టు ఒక చిన్న సినిమా. అశోక్‌నగర్ దగ్గర స్టీల్ బ్రిడ్జి కింద, పెద్ద వానలో ఆటోలు ఆగి ఉంటాయి. ఒక ఆటోలో వెనక సీటులో ఒక మనిషి, ఒక చిన్నపిల్ల కూర్చుని మొక్కజొన్న పొత్తు తింటుంటారు. అంతే కథ. కానీ వాన ఉందే, అది వాన. చినుకు చినుకూ వేరు. రోడ్డు మీద నీళ్ళలో ఆటో హెడ్‌లైట్ల వెలుగు వణుకుతుంటుంది. ప్రతి చినుకులో ఆ వెలుగు లెక్కకట్టాలంటే కార్డుకు చెమటలు పడతాయి.

తయారుచేసిన బొమ్మల్ని ఒక్కొక్కటే పక్కా చిత్రంగా తీయడాన్ని రెండరింగ్ అంటారు. స్వప్న రెండరింగ్ మొదలుపెట్టిన కాసేపటికే తెర నల్లబడి సిస్టమ్ బిగుసుకుపోయేది. రీస్టార్ట్ చేస్తే బాగానే ఉండేది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ పోయేది. పక్క పిల్లలు ఆమెను ఆటపట్టించడం మొదలుపెట్టారు. చివరికి కిరణ్ సార్ ఫైలు తెరిచి చూసి తీర్పు చెప్పాడు.

"ఫైల్ మస్తు బరువైంది స్వప్నా. నీకు బరువు తగ్గించి ఆప్టిమైజ్ చేసుడు రాలే. వాన తగ్గించు. సగం చినుకులు తీసెయ్."

"తగ్గియ్య సార్."

"తగ్గించకుంటే ప్రాజెక్టు కాదు. ప్రాక్టికల్స్ దగ్గరికొచ్చినయి. ఇన్‌కంప్లీట్ అని రాయాల్సొస్తది."

ఆమె ఏడవలేదు, వాదించలేదు. నా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, ఒక్కసారి జర చూస్తరా? తప్పు నా ఫైల్‌ది అయితే నేనే తగ్గిస్త. కాకుంటే తగ్గియ్య."

ఆ మాట నాకు నచ్చింది. ఆమె అడిగింది సాయం కాదు, విచారణ.

బస్సు మీంచి పడ్డ కార్డు

ముందు ఫైలునే పట్టుకుని, దాన్ని ఇంకో సిస్టమ్‌లో నడిపించాను. అదే రకం కార్డు, అదే డ్రైవర్, అదే వాన. భోజనం చేసి వచ్చేసరికి బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరుతున్నాయి. ఒక్కసారి కూడా ఆగలేదు. తర్వాత వేరే పిల్లవాడి బరువైన ఫైలు తెచ్చి స్వప్న సిస్టమ్‌లో పెట్టాను. కాసేపటికే నల్లబడింది.

"చూసినవా? నీ ఫైల్ కాదు" అన్నాను.

స్వప్న గట్టిగా ఊపిరి వదిలింది. "మరి ఏంది మేడం?"

లైనక్స్ పడిపోయేముందు ఏం జరిగిందో రాసిపెట్టుకుంటుంది. రీస్టార్ట్ చేశాక, కిందటిసారి రాసుకున్నది చూపించమని అడిగే కమాండ్ ఉంది. చాలామంది దాన్ని చూడకుండానే డ్రైవర్ తీసి మళ్ళీ వేస్తారు. నేను తెరిచి చివరి వరసలు చదివాను. కార్డు బస్సు మీంచి పడిపోయింది అని ఉంది.

స్వప్న వంగి చూసి పకపకా నవ్వింది. "బస్సులకెల్లి పడ్డదా? ఏ బస్సు మేడం, నారాయణగూడ బస్సా?"

నాకూ నవ్వు ఆగలేదు. కంప్యూటర్ లోపల సమాచారం నడిచే దారిని బస్ అంటారు. కార్డు ఆ దారి మీద ఉన్నట్టుండి కనిపించకుండా పోయిందని దాని అర్థం. డ్రైవర్ పిలుస్తున్నాడు, కార్డు పలకడం లేదు. ఇలాంటి చోట డ్రైవర్‌ది తప్పు కావడం తక్కువ. చావుకబురు మోసుకొచ్చినవాణ్ణి పట్టుకుని హంతకుడు అన్నట్టు ఉంటుంది మనం డ్రైవర్‌ను తిట్టడం.

అయినా అనుమానం మిగలకూడదని డ్రైవర్‌ను పాత వెర్షన్‌కు మార్చి చూశాను. పడిపోయింది. మళ్ళీ యథాతథంగా పెట్టాను. కార్డు తీసి పక్క సిస్టమ్‌లో బిగించాను. అక్కడ హాయిగా నడిచింది. పక్క సిస్టమ్ కార్డును ఇందులో పెట్టాను. పడిపోయింది. అంటే ఫైలు కాదు, డ్రైవర్ కాదు, కార్డు కూడా కాదు. మిగిలింది అన్నీ బిగించి ఉన్న ఆ డబ్బా.

సలీం భాయ్‌కి ఫోన్ చేశాను. వస్తూనే అన్నాడు, "అక్కా, నా మాల్‌ల ఖరాబీ ఉండదు. మీ లైనక్సే నఖరాలు చేస్తది. డ్రైవర్ ప్రాబ్లమ్ అది."

"డ్రైవర్ కాదని నాకు తెలుసు భాయ్. ఎట్ల తెలుసో కూడ చెప్త. కూసో."

ఒక్కొక్కటి చెప్పాను. ఆయన మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. తర్వాత తానే స్క్రూడ్రైవర్ తీసి డబ్బా పక్క రేకు విప్పాడు.

పెద్ద గ్రాఫిక్స్ కార్డులకు కరెంటు విడిగా ఒక కేబుల్‌లో రావాలి. కరెంటు పంచే పెట్టెను ఎస్‌ఎంపీఎస్ అంటాం. ఈ సిస్టమ్‌లోని ఎస్‌ఎంపీఎస్‌కు ఆ కేబుల్ లేదు. ఆయన దుకాణంలో ఎవరో, హార్డ్‌డిస్క్‌కు వెళ్ళే సన్నటి కేబుల్‌కు ఒక జోడింపు పెట్టి దానితో సరిపెట్టారు. మామూలు పనికి చాలింది. వాన కురవగానే కార్డు ఎక్కువ కరెంటు అడిగింది, ఆ సన్నటి తీగ ఇవ్వలేకపోయింది. సలీం భాయ్ ఆ జోడింపును ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు. తెల్లటి ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉంది. ఒక మూల కరిగింది.

ఆయన దాన్ని కిటికీ వెలుగులో పట్టి చూశాడు.

"యా అల్లా. ఇంక కొన్ని రోజులు నడిస్తే నిప్పు అంటుకుంటుండె అక్కా."

"పిల్లలు కూసునే చోటు భాయ్ ఇది."

"గల్తీ మాదే. ఇయ్యాల్నే మారుస్త. దీనిదొక్కటే కాదు, అన్ని డబ్బాలు విప్పి చూస్త."

అన్నట్టే ఆ రోజే వచ్చి కూర్చుని ప్రతి డబ్బా విప్పాడు. ఇంకొక దాంట్లో కూడా అదే జోడింపు దొరికింది. అది ఎవరూ పెద్ద పని చేయని సిస్టమ్ కాబట్టి ఇన్నాళ్ళూ బయటపడలేదు. రెండింటికీ కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు పెట్టాడు. తప్పు ఒప్పుకోవడానికి వెనకాడని వ్యాపారి దొరికితే వదులుకోకండి. నేను రిటైరయ్యేదాకా ఇంకో మనిషి దగ్గర కొనలేదు.

కిరణ్ సార్‌కు ఆ మాడిన ముక్క చూపించాను. ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. నేనేమీ అనకముందే లేచి ల్యాబ్‌లోకి వెళ్ళి, అందరూ ఉండగా స్వప్న దగ్గర ఆగాడు.

"నీ ఫైల్ మంచిగనే ఉన్నది. నేనే చూడకుండ మాట్లాడిన. సారీ అమ్మా. వాన ఎంతున్నదో అంతే ఉండనియ్."

ఎంతమంది లెక్చరర్లు అలా అనగలరు? నేను చూసినవాళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఎగ్జామినర్ ముందు

ప్రాక్టికల్స్ రోజు ఎగ్జామినర్ బయట నుంచి వచ్చారు. తలనెరిసిన పెద్దమనిషి, తక్కువ మాట్లాడతారు. నర్సింగరావు గారు కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. ఒక్కొక్క ప్రాజెక్టు తెర మీద చూపిస్తున్నారు. స్వప్న వాన మొదలైంది. వాన పడుతుంటే ఆటో రెగ్జిన్ పైకప్పు మీద నీళ్ళు గుంటకట్టి, ఒక్కసారిగా పక్కకు జారి పడ్డాయి. చూసినవాళ్ళు తమ మీద పడ్డట్టు కదిలారు.

అయిపోయాక ఎగ్జామినర్ అడిగారు. "ఇది నువ్వే చేశావా?"

"నేనే సార్."

"అయితే ఇందులో ఒక బొమ్మ ఇప్పుడు, నా ముందు తీసి చూపించు. వాన ఎక్కువగా ఉన్న బొమ్మ."

అనుమానంతో అడిగారో, మామూలుగా అందరినీ అడిగేదే అడిగారో తెలియదు. కిరణ్ సార్ నా వైపు చూశాడు. తర్వాత స్వప్న దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు, "నడిమిట్ల సిస్టమ్ మీద కూసో. అది ఎప్పుడు ఆగలే."

"నా సిస్టమ్ మీదనే చేస్త సార్" అన్నది ఆమె.

వెళ్ళి కిటికీ పక్క మూలన కూర్చుంది. ఫైలు తెరిచింది. ఆటో పైకప్పు మీంచి నీళ్ళు జారే బొమ్మ ఎంచుకుంది, అన్నిటికంటే బరువైనది అదే. రెండర్ నొక్కింది.

డబ్బాలో ఫ్యాన్ వేగం పుంజుకుంది. నా చెవులు దాని మీదే ఉన్నాయి. తెర మీద ముందు అంతా మసక, తర్వాత చిన్న చిన్న గళ్ళుగా బొమ్మ తేలడం మొదలుపెట్టింది. ముందు బ్రిడ్జి స్తంభం వచ్చింది, దాని వెనక ఆటో చక్రం, నీళ్ళలో వణికే వెలుగు. ఫ్యాన్ చప్పుడు ఒకే తీరుగా, ఎక్కడా తడబడకుండా నడుస్తోంది. నా పనితనం ఆ రోజు ఆ చప్పుడులో వినిపించింది, ఆ మాట అనుకోవడానికి నాకు సిగ్గు లేదు.

చివరి గడి నిండింది. ఆటోలో పిల్ల ముఖం మీద ఒక చినుకు ఉంది, దానిలో హెడ్‌లైటు మెరుస్తోంది.

ఎగ్జామినర్ వంగి చాలాసేపు చూశారు. "బాగుంది. ఇంత వాన ఎందుకమ్మా? తక్కువైతే నీకు పని తేలికయ్యేది కదా?"

స్వప్న లేచి నిలబడింది.

"వాన గట్టిగ పడ్డనాడే మా నాయినకు పని బందు ఉంటది సార్. ఆ రోజే మాతోటి ఉంటడు. చిన్నగ పడితే పనికి పోతడు."

ఎగ్జామినర్ జేబులోంచి పెన్ను తీసి, మార్కుల కాగితం ముందుకు జరుపుకున్నారు. వెనక కుర్చీలో నర్సింగరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. స్వప్న మళ్ళీ కూర్చుని ఆ బొమ్మను సేవ్ చేసింది.